చలికాలాన్ని రాయించిన పిల్లలు

కూలిపోయిన విమానం, కెనడా అడవి, చేతిలో చిన్న గొడ్డలి, పదమూడేళ్ల కుర్రాడు. ‘హ్యాచెట్’ నవల వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా టీనేజర్లు దాని గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనలో పెద్దలు చెవిపెట్టి వినాల్సిన మాటలు చాలానే ఉన్నాయి.

అడవిలో తప్పిపోయిన పిల్లవాడు క్షేమంగా ఇల్లు చేరాడంటే పెద్దవాళ్లు ‘హమ్మయ్య’ అనుకుని పుస్తకం మూసేస్తారు. అమెరికా రచయిత గ్యారీ పాల్సన్ తన ‘హ్యాచెట్’ నవలని అలాగే ముగించాడు. 54 రోజులు అడవిలో ఒంటరిగా బతికిన బ్రయన్ రోబెసన్‌ని చివరికి ఒక చిన్న విమానం వచ్చి తీసుకెళ్తుంది. 1987లో పుస్తకం వచ్చింది. మరుసటి ఏడాది ‘న్యూబెరీ ఆనర్’ దక్కింది. బాలసాహిత్యానికి అమెరికాలో ఇచ్చే పెద్ద గౌరవాల్లో అదొకటి. టీచర్లు ఆ నవలని తరగతి గదుల్లోకి తెచ్చుకున్నారు. పిల్లలేమో రచయిత మీద ఫిర్యాదులు మొదలుపెట్టారు.

ఉత్తరాల మీద ఉత్తరాలు వెళ్లాయి. బ్రయన్‌ని అంత తొందరగా ఎందుకు రక్షించేశారు? వేసవి కాబట్టి పళ్లు దొరికాయి, చేపలు దొరికాయి. సరస్సు గడ్డకట్టి నడుములోతు మంచు పడితే ఏం తినేవాడు? చిరిగిన ఆ బట్టలతో ఎలా బతికేవాడు? అసలు పరీక్ష చలికాలం కదా, అది రాకముందే కథ ఆపేస్తే ఎలా?

పాల్సన్‌కి ఆ ఫిర్యాదులో న్యాయం కనిపించింది. 1996లో ‘బ్రయన్స్ వింటర్’ రాశాడు. ఆ విమానం రాలేదనుకుని, బ్రయన్‌ని అక్కడే ఉంచి, మంచు కురిసే నెలల గుండా నడిపించాడు. పాఠకులు అడగబట్టే ఇది రాస్తున్నానని ముందుమాటలోనే చెప్పాడు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు పేరున్న ఒక రచయితని మళ్లీ కూర్చోబెట్టి, ఆయన దాటేసిన కాలాన్ని రాయించుకున్నారు.

టీనేజర్లు పుస్తకాలు చదవడం లేదని మనం తరచూ వాపోతుంటాం. చదివినప్పుడు ఏమన్నారో వినే ఓపిక మనకుందా? ‘హ్యాచెట్’ చుట్టూ సాగుతున్న వాదన చూస్తే నాకు ఒక సంగతి గట్టిగా అనిపిస్తుంది. ఈ వయసు పిల్లలు ఒక పుస్తకాన్ని నమ్మే ముందు దాన్ని పరీక్షకి పెడతారు. రచయిత అబద్ధమాడితే పట్టేస్తారు, తప్పించుకుంటే నిలదీస్తారు. వయసు చాలనివాళ్ల మాటలే అని వాటిని కొట్టిపారేస్తే నష్టం మనకే.

గొడ్డలి ఒక్కటే తోడు

కథ చెప్పాలంటే నాలుగు మాటలు చాలు. అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు. వేసవి సెలవులకి నాన్న దగ్గరికి వెళ్లాలి. ఆయన కెనడా ఉత్తరాన చమురు క్షేత్రాల్లో పనిచేస్తున్నాడు. న్యూయార్క్ రాష్ట్రం నుంచి చిన్న సెస్నా విమానంలో పైలట్, బ్రయన్ ఇద్దరే బయల్దేరతారు. ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో అమ్మ ఒక చిన్న గొడ్డలి కానుకగా ఇస్తుంది, బ్రయన్ దాన్ని బెల్టుకి తగిలించుకుంటాడు. గాల్లో ఉండగా పైలట్‌కి గుండెపోటు వస్తుంది. ఇంధనం ఉన్నంతసేపూ వణుకుతున్న చేతులతోనే విమానాన్ని పట్టుకుని కూర్చున్న బ్రయన్, ఇంధనం అయిపోయాక ఒక సరస్సులో కూలుతాడు. విమానం మునిగిపోతుంది. పిల్లవాడు ఈదుకుంటూ ఒడ్డుకి చేరతాడు.

అక్కడి నుంచి నవల అంతా దాదాపు ఒక్కడిదే. మాట్లాడటానికి మనిషి లేడు, పోట్లాడటానికి శత్రువూ లేడు. ఆకలి, దోమలు, చలి, భయం. వీటితోపాటు మనసులో ఒక రహస్యం. అమ్మ వేరే ఒకాయనతో ఉండగా విడాకులకి ముందే బ్రయన్ చూశాడు. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. అడవిలో ఏ కాస్త ఊపిరి పీల్చుకునే వేళ దొరికినా ఆ దృశ్యమే కళ్లముందుకొస్తుంది.

నవలలో అడ్వెంచర్ కోసం వెతికేవాళ్లకి ఎలుగుబంటి ఉంది, మీదపడి కుమ్మే మూస్ అనే పెద్ద దుప్పి ఉంది, సుడిగాలి ఉంది. అయినా ఈ పుస్తకం చదివిన పిల్లలని కదిపితే మొదట వీటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. వాళ్లు చెప్పేది బ్రయన్ చేసిన తప్పుల గురించి.

తప్పులంటే ఎందుకంత ఇష్టం?

బ్రయన్ చేసే తప్పులు ఒకటీ రెండూ కావు. ఆకలి మీద పొదల్లో కనిపించిన ఎర్రటి పళ్లని గింజలతో సహా గబగబా మింగేస్తాడు. ఆ రాత్రంతా కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతాడు. తాబేలు గుడ్లని ఇసుకలో దాస్తే వాసన పట్టి స్కంక్ అనే జంతువు వచ్చి తవ్వుకుపోతుంది. దాన్ని అదిలించబోతే అది చిమ్మిన ద్రవం కళ్లలో పడి కాసేపు చూపే పోతుంది. చేపల మీదికి ఎన్నిసార్లు బాణం వేసినా తగలదు. నీళ్లలోకి వెళ్లేటప్పుడు వెలుగు వంగుతుందని, చేప కనిపించిన చోట ఉండదని క్లాసులో విన్న పాఠం అప్పుడు గుర్తొస్తుంది. గురి కొంచెం కిందికి దించితే మొదటి చేప పడుతుంది.

అడవిపక్షుల సంగతీ అంతే. గ్రౌస్ అనే పక్షి కాళ్లముందే కూర్చున్నా కనిపించదు, ఆకుల్లో కలిసిపోతుంది. తీరా అడుగు వేశాక టపటపా లేచి గుండె ఆగినంత పని చేస్తుంది. బ్రయన్ రోజుల తరబడి విసిగిపోతాడు. రంగు కోసం, ఈకల కోసం వెతకడం మానేసి, పక్షి ఆకారం ఎలా ఉంటుందో దాని కోసం చూడటం మొదలుపెట్టాకే అవి కనిపించడం మొదలవుతుంది. ఈ ఒక్క ఘట్టం మీద పిల్లలు ఎంతసేపైనా మాట్లాడగలరు. కళ్లముందు ఉన్నది ఎందుకు కనిపించలేదో తెలుసుకోవడంలో వాళ్లకి ఒక ఆనందం ఉంది. లెక్కలో ఎక్కడ తప్పు పోయిందో పట్టుకున్నప్పుడు కలిగేది అదే.

పెద్దలు రాసే చాలా కథల్లో పిల్లలు రెండు రకాలు. బుద్ధిమంతులు ఒక రకం, చెడిపోయి బుద్ధి తెచ్చుకున్నవాళ్లు మరో రకం. బ్రయన్ ఈ రెండింటిలోనూ ఇమడడు. తప్పు చేస్తాడు, దాని ఫలితం కడుపునొప్పిగానో కాలిమంటగానో వెంటనే చేతికొస్తుంది. మధ్యలో తిట్టేవాళ్లు లేరు, నీతి చెప్పేవాళ్లు లేరు. రోజూ ఇంట్లో, బడిలో, ట్యూషన్లో ఎవరో ఒకరు దిద్దుతూ ఉండే వయసు వాళ్లది. తన తప్పుని తనే దిద్దుకునే అవకాశం దొరికిన కుర్రాడిని చూసి వాళ్లు అసూయపడటంలో వింతేముంది?

అన్నిటికంటే ముఖ్యంగా బ్రయన్ నేర్చుకునే పాఠం ఒకటుంది. కూర్చుని ఏడవడం తప్పో ఒప్పో అన్న ప్రశ్న అక్కడ లేదు, దానివల్ల ఏ పనీ జరగదంతే. ఏడ్చి లేచాక ముళ్లు గుచ్చుకున్న కాలినొప్పి అలాగే ఉంది, ఆకలి అలాగే ఉంది. ధైర్యంగా ఉండు నాయనా అని వంద సుభాషితాలు చెప్పినా ఎక్కని మాట పిల్లలకి ఇక్కడ ఎక్కుతుంది. కారణం, రచయిత దాన్ని ఉపదేశంగా కాకుండా జరిగిన సంగతిగా చెప్పాడు.

నిప్పు పుట్టిన పూట

నవలలో పిల్లలు మళ్లీ మళ్లీ తిరగేసే పేజీలు నిప్పు పుట్టించే ఘట్టానివి. ఒక రాత్రి బ్రయన్ తలదాచుకున్న రాతి గూట్లోకి ముళ్లపంది దూరుతుంది. చీకట్లో ఏం వచ్చిందో తెలియక గొడ్డలి విసురుతాడు. అది రాతిగోడకి తగిలి రవ్వలు రాలతాయి. కాలి నిండా ముళ్లు గుచ్చుకుని, ఆ నొప్పిలో రవ్వల సంగతి బుర్రకెక్కదు. తెల్లారి గొడ్డలి మీద ఎండ మెరిసినప్పుడు గానీ ఆ గోడలో నిప్పు ఉందని తట్టదు.

ఇక అక్కడి నుంచి అసలు పని. ఎండుగడ్డి పెట్టి కొట్టాడు, అంటుకోలేదు. సన్నటి పుల్లలు పెట్టాడు, అంటుకోలేదు. జేబులో మిగిలిన ఇరవై డాలర్ల నోటుని చింపి పీలికలు చేసి పెట్టాడు. డబ్బు కూడా అంటుకోలేదు. చివరికి దగ్గర్లో ఉన్న బర్చ్ చెట్ల బెరడు కంటపడుతుంది. పూర్వం హిమాలయ ప్రాంతంలో గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం ఈ జాతి చెట్టు బెరడే. పల్చగా పొరలుపొరలుగా లేస్తుంది. దాన్ని గోళ్లతో, గొడ్డలి అంచుతో వెంట్రుకంత సన్నగా చీలుస్తూ గంటలకొద్దీ కూర్చుంటాడు. పక్షిగూడులా పేర్చి మళ్లీ కొడతాడు. రవ్వ పడి ఎర్రబడి ఆరిపోతుంది. ఇంకేం తక్కువైంది? గాలి. రవ్వ పడిన చోట మెల్లగా ఊదుతాడు. ఎర్రటి చుక్క పాకి, పాకి, మంటవుతుంది.

గట్టి రాయి ఉక్కుని గీరినప్పుడు ఊడివచ్చే ఇనుప రజను గాలి తగిలి మండుతుంది. మనం చూసే రవ్వ అదే. అంటుకునే వస్తువు, వేడి, గాలి మూడూ కలిస్తేనే మంట అని మన పిల్లలు సైన్సు పుస్తకంలో చదువుకుంటారు, పరీక్షలో రాస్తారు. బ్రయన్ దాన్నే ఆకలితో, చలితో, ఒక్కో తప్పూ చేస్తూ కనుక్కుంటాడు. ఇది చదివిన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న కూడా రచయితకి గట్టి పరీక్షే: ‘ఇది నిజంగా కుదురుతుందా?’

పాల్సన్ దగ్గర దానికి జవాబుంది. తాను కూడా గొడ్డలితో రాతిని కొట్టి నిప్పు చేసి చూశానని, అందుకు దాదాపు నాలుగు గంటలు పట్టిందని 2001లో రాసిన ‘గట్స్’ అనే పుస్తకంలో చెప్పాడు. బ్రయన్ తిన్నట్టే పచ్చి తాబేలు గుడ్డు తినబోయి మింగలేకపోయిన సంగతి కూడా దాచలేదు. తాను చేయలేని పని తన కథలో కుర్రాడు చేశాడని ఒప్పుకున్న రచయితని పిల్లలు ఇంకా ఎక్కువ నమ్మారు.

నచ్చనివాళ్ల మాట

అందరికీ ఈ నవల నచ్చిందనుకుంటే పొరపాటే. అమెరికా బడుల్లో చాలాచోట్ల ఆరు, ఏడు తరగతుల్లో ఇది చదవాల్సిన పుస్తకం కాబట్టి, ఇష్టం లేనివాళ్లూ చదువుతారు. వాళ్ల అభ్యంతరాలు కూడా వినదగ్గవే.

వాళ్లలో ఎక్కువమంది అనేది విసుగు గురించి. ఒక్కడే మనిషి, సంభాషణ లేదు, పేజీలు తిప్పినా అదే సరస్సు. రెండో అభ్యంతరం శైలి మీద. పాల్సన్ ఒకే మాటని రెండు మూడుసార్లు తిప్పి రాస్తాడు, వాక్యాన్ని సగంలో తెంపుతాడు. ఒంటరి మనిషి బుర్రలో ఆలోచన అలాగే తిరుగుతుందని సమర్థించేవాళ్లు ఉన్నారు. టీచరుకి మేం అలా రాస్తే మార్కులు కోస్తారు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. మూడోది అదృష్టం గురించి. సరస్సులోనే కూలడం, గొడ్డలి బెల్టుకి ఉండటం, సుడిగాలి వచ్చి మునిగిన విమానం తోక పైకి తేలడం, అందులో సామాను దొరకడం, చివరికి పాడైందనుకున్న ట్రాన్స్‌మిటర్ సంకేతం పంపడం. ఇన్ని కలిసిరావాలా అని నిలదీస్తారు.

నాకు ఈ అభ్యంతరాల్లో బాగా నచ్చింది తుపాకీ గురించిన చర్చ. చివర్లో విమానంలోంచి తెచ్చుకున్న మూటలో రైఫిల్ దొరుకుతుంది. బ్రయన్‌కి సంతోషం కలగాలి. కానీ అది చేతిలో పడగానే అడవికి తనకీ మధ్య ఏదో అడ్డం వచ్చినట్టు ఇబ్బంది పడతాడు. కొందరు పిల్లలకి అది బొత్తిగా నచ్చదు. ఆకలితో ఉన్నవాడు ఆయుధం దొరికితే అలా ఆలోచిస్తాడా అంటారు. మరికొందరు బ్రయన్ మారాడనడానికి పుస్తకం మొత్తంలో అదొక్కటే అసలైన రుజువు అంటారు. తరగతిలో టీచరు ఏ వైపూ మొగ్గకుండా ఊరుకుంటే ఈ ఒక్క ప్రశ్న ఒక పీరియడ్ మొత్తం నడిపిస్తుంది.

మా ఇంట్లోనే ఇద్దరు ఈ పుస్తకం మీద పోట్లాడుకున్నారు. డాలస్‌లో పెరుగుతున్న మేనల్లుడు బడిలో చదివాడు. సెలవులకి వచ్చినప్పుడు వదిలి వెళ్లిన పుస్తకాన్ని ఖమ్మంలో ఉండే మేనకోడలు చదివింది. వీడియో కాల్‌లో ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను.

“దోమల గురించి రాసింది మాత్రం నిజం మావయ్యా,” అంది మేనకోడలు. “వేరే కథల్లో అడవికి వెళ్లినవాళ్లని ఒక్క దోమా కుట్టదు.”

“అది సరేగానీ, వాడు వాళ్ల నాన్నకి ఆ విషయం ఎందుకు చెప్పలేదు? చెప్పాలి కదా,” అన్నాడు మేనల్లుడు.

“చెప్తే ఏమవుతుందిరా? వాళ్ల నాన్న బాధపడతాడు. అమ్మ అమ్మ కాకుండా పోతుందా?”

“మరి వాడొక్కడే మోయాలా? వాడు చిన్నపిల్లాడు.”

“అడవిలో అన్ని రోజులు ఒక్కడే బతికాడుగా. ఇది మోయలేడా?”

“అది వేరే. అక్కడ ఎవరూ లేరు కాబట్టి బతికాడు. ఇక్కడ నాన్న ఉన్నాడుగా.”

అరగంట మాట్లాడుకున్నారు. అందులో ఎలుగుబంటి ఊసు రాలేదు, సుడిగాలి ఊసు రాలేదు. అంతా ఆ రహస్యం చుట్టూనే. నవలలో కూడా బ్రయన్ ఇంటికొచ్చాక ఆ విషయం నాన్నకి చెప్పడు. రచయిత అది సరైందో కాదో తేల్చడు. తేల్చకుండా వదిలేశాడనే కోపం మా మేనల్లుడికి, వదిలేశాడనే ఇష్టం మేనకోడలికి. ఆ ఇద్దరూ అంత లోతుకి వెళ్లిన సంగతి ఏ ప్రశ్నపత్రానికీ దొరికేది కాదు. అడవి గురించి చదువుతూ పిల్లలు ఇంటి గురించి ఆలోచిస్తున్నారని ఆ పూట నాకు స్పష్టమైంది. తమ చేతిలో లేని పెద్దల నిర్ణయాలు, చెప్పుకోలేని మాటలు, ఒక్కరే తేల్చుకోవాల్సిన సంగతులు ఆ వయసులో రోజూ ఉండేవే.

రచయితకీ అలాంటి బాల్యమే

పిల్లలు ఈ నవలలో నిజం ఉందని పసిగట్టడానికి కారణం రచయిత జీవితంలోనే ఉంది. పాల్సన్ 1939లో మినియాపోలిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ తాగుడుకి బానిసలు. ఇంట్లో ఉండలేక అడవుల్లో గడిపాడు, వేటాడి తిన్నాడు. రాత్రిళ్లు బార్లలో పేపర్లు అమ్మేవాడు. ఒక చలికాలపు సాయంత్రం వెచ్చగా ఉంటుందని లైబ్రరీలోకి దూరితే, అక్కడి లైబ్రేరియన్ కార్డు కావాలా అని అడిగి, అతని పేరు మీద కార్డు రాసిచ్చి ఒక పుస్తకం చేతిలో పెట్టింది. తన జీవితాన్ని మలుపు తిప్పింది ఆమేనని ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

పెద్దయ్యాక అలాస్కాలో కుక్కల బండ్లతో సాగే ‘ఇడిటరాడ్’ పందెంలో పాల్గొన్నాడు. దాదాపు 1,600 కిలోమీటర్ల మంచుదారి అది. వలంటీరుగా అంబులెన్స్ పనిలో ఉన్నప్పుడు గుండెపోటుతో మనుషులు పోవడం కళ్లారా చూశాడు. మూస్‌ల దాడికి గురయ్యాడు. బ్రయన్ పక్క సీట్లో పైలట్ చనిపోయే పేజీలు చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచేది అలాంటి చావులు ఆయన కళ్లారా చూసినవి కాబట్టే. రెండువందలకి పైగా పుస్తకాలు రాసి, 2021 అక్టోబరులో 82 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ‘హ్యాచెట్’ని ఆయన అంకితమిచ్చింది హెర్షీ మిడిల్ స్కూల్ విద్యార్థులకి.

బ్రయన్ కథలు వరుసగా

హ్యాచెట్ (1987): విమానం కూలిన తర్వాత 54 రోజులు.
ద రివర్ (1991): బతికిన తీరు చూపించమని అడిగితే బ్రయన్ మళ్లీ అడవికి వెళ్తాడు. తోడొచ్చిన సైకాలజిస్టు పిడుగు దెబ్బకి స్పృహ తప్పితే తెప్ప మీద నది వెంట తీసుకెళ్లాల్సి వస్తుంది.
బ్రయన్స్ వింటర్ (1996): రక్షించే విమానం రాకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పే కథ.
బ్రయన్స్ రిటర్న్ (1999): నగరంలో ఇమడలేక బ్రయన్ తనంతట తానే అడవికి తిరిగి వెళ్తాడు.
బ్రయన్స్ హంట్ (2003): పదహారేళ్ల బ్రయన్, గాయపడిన కుక్క, ఎలుగుబంటి.

నిజంగా జరిగితే?

కథలో కుదిరింది సరే, నిజంగా ఒక పిల్లవాడు ఇలా బతకగలడా అన్నది టీనేజర్ల నుంచి తప్పక వచ్చే ప్రశ్న. చరిత్రలో జవాబులున్నాయి.

1971 డిసెంబరు 24న పెరూలో లాన్సా సంస్థ విమానం పిడుగుపాటుకి గాల్లోనే ముక్కలైంది. అందులో ఉన్న 92 మందిలో బతికి బయటపడింది పదిహేడేళ్ల జూలియానే కోప్కే ఒక్కతే. సీటుకి కట్టుకున్న బెల్టుతోనే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి అమెజాన్ అడవిలో పడింది. గాయాలతో 11 రోజులు నడిచింది. ఆమె తల్లిదండ్రులు జంతుశాస్త్రవేత్తలు, అడవిలో పరిశోధనా కేంద్రం నడిపినవాళ్లు. నీళ్లు కనిపిస్తే ప్రవాహం వెంట దిగువకి వెళ్లు, మనుషులు దొరుకుతారు అని నాన్న ఎప్పుడో చెప్పిన మాట ఆమెని బతికించింది.

2023 మే 1న కొలంబియాలో మరో చిన్న సెస్నా అమెజాన్ అడవిలో కూలింది. పైలట్, పిల్లల తల్లి, మరో పెద్దాయన చనిపోయారు. నలుగురు పిల్లలు మిగిలారు. పెద్దమ్మాయి వయసు పదమూడు, సరిగ్గా బ్రయన్ వయసే. మిగతావాళ్లకి తొమ్మిదేళ్లు, నాలుగేళ్లు, చంటిబిడ్డకి పదకొండు నెలలు. విమానంలో ఉన్న కర్రపెండలం పిండితో మొదలుపెట్టి, అడవిలో దొరికే కాయలూ గింజలూ తింటూ, 40 రోజుల తర్వాత జూన్ 9న నలుగురూ ప్రాణాలతో దొరికారు. వెతికినవాళ్లలో సైనికులతోపాటు ఆ అడవి ఎరిగిన ఆదివాసీలూ ఉన్నారు. ఉన్నచోటే ఉండండి అని అమ్మమ్మ వాళ్ల భాషలో చెప్పిన మాటలని రికార్డు చేసి, హెలికాప్టర్ నుంచి మైకుల్లో వినిపించారు. ఆ పిల్లలు ఊయిటోటో తెగవాళ్లు. ఏది తినొచ్చో, ఏది తినకూడదో చిన్నప్పటి నుంచి ఇంట్లో నేర్చుకున్నారు.

ఈ రెండు సంఘటనలూ తెలిశాక ‘హ్యాచెట్’ గురించి ఇంకో ప్రశ్న పుడుతుంది. బ్రయన్‌కి ఆ చదువు ఎవరూ ఎందుకు చెప్పలేదు? బడిలో చూసిన సినిమా ముక్కలు, క్లాసులో విన్న పాఠాలు, ధైర్యం వదలకూడదని పదేపదే చెప్పే పెర్పిచ్ అనే టీచరు, ఇంతే అతని పెట్టుబడి. ‘బ్రయన్స్ వింటర్’ చివర్లో పాల్సన్ దీనికి జవాబు లాంటిది ఇచ్చాడు. చలికాలమంతా చావుకీ బతుక్కీ మధ్య ఊగిసలాడిన బ్రయన్‌కి అదే అడవిలో ఒక క్రీ తెగ కుటుంబం కనిపిస్తుంది. జంతువులని వలల్లో, బోనుల్లో పట్టుకుంటూ, గుడారం వేసుకుని, పిల్లాపాపలతో మామూలుగా కాపురం చేస్తున్నారు. ఒకరికి ప్రాణాంతకమైన చోటు ఇంకొకరికి ఇల్లు. ఆ ఘట్టం ఇంకాస్త ముందుగా, ఇంకాస్త ఎక్కువగా రాయాల్సిందని నా అభిప్రాయం.

మన తరగతి గదిలో ఆ ప్రశ్న ఎక్కడ?

మన పిల్లలకీ అడవి కథ కొత్త కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి తెలుగు ఉపవాచకంగా రామాయణం చదివారు. పద్నాలుగేళ్ల వనవాసం అందులో ఉంది. చిత్రకూటంలో పర్ణశాల లక్ష్మణుడు కట్టాడని చదువుకున్నారు. దూలాలకి ఏ కర్ర తెచ్చాడు, వానాకాలం పైకప్పు కారకుండా ఏం చేశాడు, ఏ దుంప తవ్వుకున్నారు, పచ్చిగా తిన్నారా కాల్చుకుని తిన్నారా అని పదిహేనేళ్ల పిల్లవాడికి తోచడం సహజం. అడిగితే ఎంతమంది దగ్గర జవాబు ఉంటుంది? ఆ ప్రశ్న రాకముందే మనం ‘పాత్ర స్వభావం రాయుము’ దగ్గరికి వెళ్లిపోతాం.

ఆ జవాబు తెలిసినవాళ్లు మనకి దూరంగా లేరు. నల్లమల చెంచులు గునపంకర్రతో దుంపలు తవ్వడం, నిటారైన కొండచరియల మీద తాళ్లతో దిగి తేనె తీయడం గురించి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లోనే ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఏ దుంప ఏ నెలలో ఊరుతుందో చెప్పగల పెద్దలు ఇప్పటికీ పెంటలనే చెంచు గూడేల్లో ఉన్నారు. ఆ తెలివిని, ఆ వయసు పిల్లల భయాలని, ఇంటి గొడవలని కలిపి పన్నెండేళ్లు దాటినవాళ్లు ఊపిరి బిగబట్టి చదివేలా తెలుగులో నవలలు రావాలి. చిన్నపిల్లలకి నీతికథలు ఉన్నాయి, పెద్దవాళ్లకి నవలలు ఉన్నాయి. ఆ రెండింటి మధ్య నిలబడ్డ పిల్లల కోసం రాస్తున్నవాళ్లు చాలా తక్కువ. శ్రీశైలం అడవిలో దారి తప్పిన అమ్మాయికి దారి చూపించే చెంచు కుర్రాడి కథ ఎవరైనా రాస్తే, అందులో తప్పులు పట్టడానికి మన పిల్లలు సిద్ధంగా ఉన్నారు.

అంతవరకు తల్లిదండ్రులూ టీచర్లూ చేయగలిగింది ఒకటుంది. పిల్లలు ఒక పుస్తకం చదవగానే ‘నీతి ఏమిటి?’ అని అడగడం మానేయాలి. ఏది నమ్మలేకపోయావు? నువ్వైతే అక్కడ ఏం చేసేవాడివి? రచయిత ఏం రాయకుండా వదిలేశాడు? ఈ మూడు అడిగి ఊరుకోవాలి. వాళ్లు పుస్తకం బాగాలేదంటే ఎందుకో చెప్పనివ్వాలి. బాగుందంటే పొగడ్త దగ్గర ఆపకుండా ఏ పేజీ దగ్గర అలా అనిపించిందో చూపించమనాలి. మన అభిప్రాయం చివర్లో చెప్పాలి, అదీ వాళ్లు అడిగితేనే.

ఇలా పెరిగిన పాఠకుడు రేపు వార్త చదివినా, ఎన్నికల హామీ విన్నా, ఆఫీసులో కాగితం మీద సంతకం పెట్టినా అవే ప్రశ్నలు వేస్తాడు. ఇది నిజంగా కుదురుతుందా? ఇందులో దాచిందేమిటి? నేనైతే ఏం చేస్తాను? పరీక్షల కోసం పిల్లలకి ఎన్నో జవాబులు నేర్పుతున్నాం. ఈ మూడు ప్రశ్నలు వాళ్లు నవలల దగ్గర తమంతట తాము నేర్చుకుంటున్నారు. వాటిని అడగనివ్వడం, అడిగినప్పుడు ఓపికగా నిలబడి జవాబివ్వడం పెద్దవాళ్లుగా మన బాధ్యత.